గ్రహచారము - ఫలవ్యాఖ్యానము

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయుట మనకును, మన కన్నడ సోదరులకును సమానమైన ఆచారము. రాయచూరు జిల్లా మల్లట్‌లో ఒక యింట వేపపూవు పచ్చడియు, పొరుగింట బేవు-బెల్లమును ఆరగించిన పిదప ఇరువురును వినగోరునది ఒక్కటియే: ఈ యేడు వాన యెట్లు, పంట యెట్లు, ఇంటి యోగక్షేమము లెట్లు? కౌలు, అప్పు, పెండ్లి మొదలగు నిర్ణయములు ఆ సమాధానములపై ఆధారపడుచున్నవి. కావున కావ్యమును విమర్శించునంత శ్రద్ధతో ఫలవ్యాఖ్యానమును గూడ విమర్శించుట యుచితమని మా యభిప్రాయము.

పంచాంగమున గణితము, ఫలము అని రెండు భాగములు కలవు. శని యొక రాశిని దాటుటకు సుమారు రెండున్నర సంవత్సరములును, గురుడు సుమారు ఒక సంవత్సరమును పట్టుననుట గణితము. ఆకాశమును చూచి దానిని సరిచూడవచ్చును. గురుని మకరప్రవేశమును బట్టియే 2020 నవంబరు 20న మన తుంగభద్రకు పుష్కరములు వచ్చినవి. అచట గ్రహచారము స్నానమునకు దినమును నిర్ణయించినదే గాని, ఎవరి కేమి జరుగునో చెప్పలేదు. ఫలభాగము సంగతి వేరు.

వానను గూర్చిన ఫలమునే చూతము. రవి ఆర్ద్రా నక్షత్రమున ప్రవేశించిన వారమును బట్టి మేఘాధిపతిని నిర్ణయింతురు. ఆ వారము మల్లట్‌కును, మచిలీపట్టణమునకును ఒక్కటియే. వాన మాత్రము ఒక్కటి కాదు.

ఇక గోచారము. శని జన్మరాశికి పండ్రెండవ, మొదటి, రెండవ స్థానములలో నున్నచో ఏలినాటి శని. నాలుగవ యింట అర్ధాష్టమము. ఎనిమిదవ యింట అష్టమము. అనగా ఎప్పుడు చూచినను పండ్రెండు రాశులలో ఐదింటికి శనిదోషము తప్పదు. ఐదుగురున్న యింట ఎవ్వరికిని ఆ దోషము లేకుండుట అరుదు. బావి యెండినను, బేరము చెడినను కారణము సిద్ధముగా నుండును. ప్రతి కష్టమునకును సరిపోవు కారణము ఏ కష్టమును ముందుగా తెలుపజాలదు.

రాశిప్రవేశదినమునందైన ఏకాభిప్రాయము కలదా? దృక్పద్ధతి ప్రకారము శని కుంభమున ప్రవేశించినది 2023 జనవరి 17న. వాక్యపంచాంగము ననుసరించు తిరునల్లారు ఆలయమున ఆ యుత్సవము జరిగినది అదే సంవత్సరము డిసెంబరు 20న. ఈ పదునొకండు మాసములలో ధనూరాశివారికి ఏలినాటి శని విడిచెనా, విడువలేదా? ఒక్కొక దైవజ్ఞుడు ఒకే పద్ధతిని పాటించుననుట నిజమే. ఐనను దశ, అంతర్దశ, వేధ, వక్రగతి అను ద్వారములు ఆయనకు తెరచియే యుండును. జరిగినదానిని బట్టి ఏ ద్వారముననైన వెలుపలికి రావచ్చును.

ఇందులకు 1962 నాటి అష్టగ్రహ కూటమి తగిన నిదర్శనము. ఆ ఫిబ్రవరి మొదటివారమున రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శనులు కేతువుతో గూడి మకరరాశిలో నిలిచిరి. ప్రళయము తప్పదని పలువురు చెప్పిరి. దేశమంతట హోమములు, సంకీర్తనలు జరిగెను. చంద్రు డొక్కొక రాశిలో సుమారు రెండుంబావు దినములే యుండును గనుక ఆ యెనిమిది సంఖ్యయు అంతకాలమే నిలిచెను. ప్రళయము రాలేదు. అక్టోబరు 20న చైనా దండెత్తగా, అదియే కూటమి ఫలమను వ్యాఖ్యానము పుట్టినది. రెండు దినముల కారణమునకు ఎనిమిది మాసముల గడువిచ్చినచో ప్రపంచమున ఏదో యొక యుత్పాతము దొరకకపోదు.

పంచాంగమును త్రోసిపుచ్చుడని మేము చెప్పుట లేదు. అన్యభాషాప్రాంతమున స్థిరపడిన మనకు తిథులను, పండుగలను, మాసముల పేర్లను మరువకుండ నిలిపినది అదియే. దాని గణితము మన పూర్వుల ఘనమైన యాస్తి. ఫలమునుండి గూడ ఆ గణితమునకుగల నిష్ఠనే కోరుదము. రాబోవు ఉగాదినాడు విన్న ఫలములలో మూడింటిని, ఏ తేదీలోపల, ఏ యూర, ఎంత అను వివరముతో ఇంటి చిట్టాపుస్తకమున వ్రాసియుంచి, మరుసటి ఉగాదికి తెరచి చూచుకొందము. ఆ వివరము నీయలేని ఫలమును నమ్మి కౌలుకాగితముపై చేవ్రాలు చేయవలదు; కుదిరిన సంబంధమును వదలుకొనవలదు.