మడతబందు అతుకు, దాని పూచీ

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప, చిత్తూరు వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీద నాపరాయి, సిమెంటు, వడ్లు, పత్తి రాత్రింబవళ్లు కదులుతూనే ఉంటాయి. అంత సరుకు వెనక నిలబడే లారీ డోరును పట్టి ఉంచేవి అరచేతిలో ఇమిడే మడతబందులు. ఒకటి విరిగిందంటే రోడ్డు పక్క వెల్డింగు షెడ్డులో అతుకు పెట్టించి, గంటలో బండి కదిలించడం మామూలే. ఆ పనిలో గొప్ప నేర్పు ఉంది. అయితే అసలు నేర్పు ముక్క ఎందుకు విరిగిందో కనిపెట్టడంలో ఉందనీ, కనిపెట్టిన సంగతి బండి యజమాని దాకా చేరకపోతే పని సగమే అయినట్టనీ నా వాదన.

మడతబందు ఒక్కదెబ్బకు విరగడం అరుదు. ముందు పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంటుంది. సిమెంటు దుమ్ముకు వాననీరు తోడైతే ఇక చెప్పేదేముంది! తిరగాల్సిన పిన్ను తిరగదు కాబట్టి డోరు దించినప్పుడల్లా బందు రేకే వంగుతుంది. అలా వంగి వంగి, మూలలో వెంట్రుకంత చీలిక పుట్టి, అది పాకుతుంది. విరిగిన అంచును వెలుగులో పెట్టి చూస్తే ఈ కథంతా కనబడుతుంది: తుప్పుతో నల్లబడ్డ మేర పాత చీలిక, తళతళలాడే మేర ఇవాళ తెగినది. నలుపు సగానికి మించి ఉంటే చాలాకాలంగా దాన్ని ఎవరూ చూడలేదన్నమాట. పిన్ను వదులు చేయకుండా ఎంత గట్టి అతుకు పెట్టినా, అతుకు నిలుస్తుంది గానీ దాని పక్కన వేడి తిన్న ఇనుము మళ్లీ చీలుతుంది.

పని తెలిసిన మేస్త్రి ముందు బ్యాటరీ తీగ విప్పిస్తాడు. ఇప్పటి బండ్లలో ఎలక్ట్రానిక్ పెట్టెలు కాలిపోయే ప్రమాదం ఉంది. ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే బిగిస్తాడు. ఎక్కడో ఛాసిస్‌కు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కోవచ్చు. తొట్టిలో మిగిలిన పత్తి పింజలు ఊడ్పించి, నీళ్ల బకెట్టు చేరువలో పెట్టుకుంటాడు. రంగు, తుప్పు గ్రైండర్‌తో తీసేసి చీలికను ‘వి’ ఆకారంలో తవ్వుతాడు. పైపైన పూసిన అతుకు లోపల డొల్లే మరి. పాత పిన్ను స్థానంలో తిన్నని కడ్డీ దూర్చి, రెండు వైపులా చుక్కలు వేసి, అన్ని బందుల రంధ్రాలూ ఒకే వరుసలో ఉన్నాయని చూసుకున్నాకే పూర్తి అతుకు. ఒక పొర కాగానే చిట్టెం కొట్టి, బ్రష్షుతో రుద్ది, రెండోది వేస్తాడు. నీళ్లు చల్లి చల్లార్చడు. జింకు పూత ఉన్న బందైతే ఆ పూత గీకకుండా రాడ్డు ముట్టించడు. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయమని అతనికి తెలుసు.

ఆళ్లగడ్డ శిల్పి రాతిని సుత్తితో తట్టి, మోగే తీరును బట్టి లోపలి బీటను పసిగట్టినట్టే, వెల్డర్ గ్రైండర్ రవ్వలను చదువుతాడు. మెత్తని ఉక్కు రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. కార్బన్ ఎక్కువైన ఉక్కువి చివర్లలో చిట్లుతాయి. పోత ఇనుమువి పొట్టిగా, ఎర్రగా రాలతాయి. మొదటి రకం హాయిగా అతుకుతుంది. పోత ఇనుముకు మామూలు రాడ్డు పనికిరాదు. కమాను పట్టాల జోలికి, స్టీరింగు భాగాల జోలికి అసలు పోకూడదు. ‘ఇది అతకను, కొత్తది తెచ్చుకో’ అని బేరం వదులుకునే మేస్త్రినే నేను పనివాడంటాను.

ఇక పూచీ సంగతి. లోపం తెలిసి గానీ, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండి గానీ బండిని రోడ్డెక్కించిన, ఎక్కనిచ్చిన వారిని 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ శిక్షిస్తుంది. దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల దాకా జైలు. అంటే ముందుగా దొరికేది డ్రైవరు, యజమాని. ఫిట్‌నెస్ పరీక్ష ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ పైబడితే ఏటా. ఆ నడుమ విరిగిన బందును దగ్గరగా చూసే మనిషి వెల్డర్ ఒక్కడే. తెలిసినవాడొకడు, జవాబు చెప్పాల్సినవాడు ఇంకొకడు కావడమే ఇక్కడి చిక్కు.

రోజుకూలీ మీద బతికే మనిషి నెత్తిన ఇంత బరువు పెట్టడం న్యాయమా అని అడగవచ్చు. అతన్ని బోనెక్కించమని నేననడం లేదు. ‘పిన్ను బిగుసుకుంది, మార్చాలి; ఈ అతుకు తాత్కాలికం’ అని తారీఖు వేసి చీటీ మీద ఒక ముక్క రాసిస్తే, రేపు గొడవ వచ్చినప్పుడు అది అతనికే అండ. కొత్త బందు వేస్తే పోయే దానికి ఇంత చర్చ ఎందుకనేది మరో మాట. వేయవచ్చు, చాలాసార్లు అదే మేలు కూడా. కానీ గ్రీజు చూడని కొత్త పిన్నూ నాలుగు వానలకు పాతదాని దారే పడుతుంది.

వెల్డర్ చేతిలో లేనిది ఒకటుంది. నాపరాతి పలకలను డోరుకే ఆనించి పేర్చే అలవాటు ఉన్నంతకాలం ఏ అతుకైనా ఓడిపోతుంది. పలకలను తొట్టి లోపలే చట్రానికి ఆనించి, గొలుసుతో బిగించి, డోరు దగ్గర జానెడు ఖాళీ వదిలితే బందు మీద డోరు బరువే పడుతుంది. ఆ జాగ్రత్త తీసుకోవలసింది సరుకు ఎక్కించే చోట, అక్కడి హమాలీలూ సరుకు యజమానీ.