పూనా విద్యార్థులును విజ్ఞానసర్వస్వమును

2011వ సంవత్సరమున వికీమీడియా సంస్థవారు పూనానగరమందలి కొన్ని కళాశాలల విద్యార్థులచేత ఆంగ్ల వికీపీడియాకు వ్యాసములు వ్రాయింప నొక ప్రయోగము జరిపిరి. 2010లో అమెరికాదేశమున నారంభించిన యిట్టి కార్యమే దీనికి మాతృక. ఉద్దేశము శ్లాఘ్యము; ఫలితము విపరీతమయ్యెను. పలువురు విద్యార్థులు పరుల రచనలనుండి వాక్యములకు వాక్యములే యెత్తి వ్రాసిరి. వానిని వెదకి తొలగించు భారము వేతనములేని స్వచ్ఛంద సంపాదకులపై బడెను. తప్పొకరిది, దండుగ వేఱొకరిది! ఆ సంవత్సరము ముగియకమున్నే ప్రయోగము నిలిచిపోయెను.

విద్యార్థులను చోరులనుట సులభమే గాని న్యాయముగాదు. పాఠమును వల్లించి యున్నదున్నట్లు వ్రాసినవానికే మార్కులిచ్చు బోధనలో పెరిగినవారికి, పదిగ్రంథములు చదివి సొంతమాటలలో జెప్పుట క్రొత్తవిద్య. అయ్యది నేర్పకయే వందలకొలది జనమును ఒక్కమాఱుగా దింపుట నిర్వాహకుల దోషము. నదిలోతు తెలియనివారిని గుంపుగా దింపినట్లయ్యెను. ఉపాధ్యాయులకైనను ఈ సర్వస్వపు కట్టుబాట్లు ముందుగా తెలిసియుండవలసినది.

ఇట్టి ప్రయోగమును చేరిన యక్షరముల లెక్కచే తూచరాదు. పరిశీలనానంతరము నిలిచిన వాక్యములెన్ని, వానికై యితరులు వెచ్చించిన కాలమెంత యనునదియే కొలత. వేఱొక మాట. రచన ఆంగ్లమునగాక మరాఠీలో జేయుమనియుండినచో, ఎత్తివ్రాయుటకు మూలమే యరుదుగా దొరకియుండెడిది. తెనిగింపువలె మరాఠీకరించుటకైనను అర్థము గ్రహింపక తప్పదు గదా.