అవ్వ సంచిలో గోలీలు

వనపర్తి దగ్గరి ఊళ్లో ఈ వారం జరిగిన కంటి శిబిరంలో రోగులను చూస్తున్న ఓ కుర్రాడు అడిగిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. ఎదురుగా డెబ్బై దాటిన అవ్వ. రెప్పలు బిగుసుకుపోతున్నాయి. కనుబొమ్మ కొసను వేలితో అదిమితేనే తెరుచుకుంటున్నాయి. శుక్లం ఎప్పుడో తీశారు, చూపు బాగానే ఉంది. చుక్కల మందు రాసి పంపేయొచ్చు. ఆ అబ్బాయి మాత్రం "అవ్వా, రోజూ ఏం గోలీలు మింగుతున్నవ్?" అన్నాడు. కొడుకు సంచిలోంచి తీశాడు: బీపీది, షుగరుది, ఎవరో తిడుతున్నట్టు వినబడుతోందంటే ఏళ్ల కిందట రాసిన హాలోపెరిడాల్.

1958లో బెల్జియంలో పాల్ యాన్సెన్ బృందం తయారుచేసిన మందు అది. మెదడులో డోపమైన్‌కు అడ్డుపడి, లేని మాటలు వినబడటాన్ని తగ్గిస్తుంది. కదలికలను నడిపేదీ ఆ డోపమైనే. వయసు పిల్లల్లో మందు మొదలైన కొద్ది రోజులకే కనుగుడ్లు పైకి తిరిగి నిలిచిపోవచ్చు. కొందరు పెద్దవాళ్లలో నెలలకో ఏళ్లకో రెప్పలు టపటపా కొట్టుకుంటాయి, మూసుకుపోతాయి, దవడ ఊరికే నములుతుంటుంది. ముసలితనమనో గాలి సోకిందనో ఇంట్లో సరిపెట్టుకుంటారు.

గ్యాస్‌కు వేసే క్యాప్సూళ్ల సంగతీ ఇదే. వాటిలో చాలావాటిలో కలిసే లెవోసల్పిరైడ్‌దీ ఈ జాతే. తలతిరుగుడుకు వేసే ప్రోక్లోర్‌పెరజిన్, వాంతులకు వేసే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. మెటోక్లోప్రమైడ్ మూడు నెలలు దాటొద్దని అమెరికా ఔషధ సంస్థ 2009లోనే గట్టిగా హెచ్చరించింది. గద్వాల్లోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా పాత చీటీ చూపించి ఏళ్లతరబడి కొనుక్కునేవాళ్లు ఎందరో!

అయితే ఆ గోలీలు పారేయమంటానా? అనను. అవ్వను తిట్ల హోరు నుంచి కాపాడి, రాత్రిపూట నిద్రపోనిస్తున్నది ఆ మందే. ఉన్నట్టుండి ఆపితే పాత జబ్బు తిరగబెట్టొచ్చు, రెప్పల బాధ ఇంకా పెరగొచ్చు. విరుగుడని ట్రైహెక్సీఫెనిడిల్ సొంతంగా వేస్తే పెద్దవాళ్లకు మతిమరుపు, మూత్రం బిగింపు, కొందరికి కంట్లో ఒత్తిడి. మోతాదు మెల్లగా తగ్గించాలా, మందు మార్చాలా, రెప్పలకు బోటులినమ్ ఇంజెక్షన్ ఇవ్వాలా అన్నది డాక్టరే తేల్చాలి.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మానసిక వైద్యానికి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ఒక్కటే దిక్కన్న రోజులు పోయాయి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మీ ఇంటి పెద్దల గోలీలన్నీ, గ్యాస్‌వి సహా, ఒక్క సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెప్పల సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.