నవలారచన: దశలు, సాధనములు

తెలుగు నవలను గూర్చిన విమర్శలో కథకు మూలమేది యను ప్రశ్నకు లభించిన స్థానము, రచన యే దశయందు దేని సాయమున సాగినదను ప్రశ్నకు లభింపలేదు. మూలగ్రంథము దొరకినంతనే పరిశోధన ముగిసినదని తలచుట మనకు పరిపాటియైనది. కాని నవల యొక్కనాట సిద్ధించునది కాదు. బీజము, సామగ్రీసేకరణము, కథాసంవిధానము, రచన, సంస్కరణము అను నైదు దశలు దానికి గలవు. ఒక్కొక్క దశకు వేరువేరు సాధనములు కావలయును. ఒక దశకు జెందిన సాధనము మరియొక దశను ఆక్రమించినచో నవల చెడును. ఈ భేదమును పాటింపనిచో విమర్శ చెడును. దీనిని మన నవలలనుండియే నిరూపించుట యీ వ్యాసమునకు లక్ష్యము.

మొదట బీజమును పరిశీలింతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'యందు వెలువడి, 1880లో గ్రంథరూపము దాల్చినది. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన ఆంగ్లనవల దీనికి ప్రేరకమను విషయము సుప్రసిద్ధము. ఈ ఒక్క విషయమును పట్టుకొని కొందరు దీనిని అనుకరణమనిరి, మరికొందరు స్వతంత్రరచనమనిరి. దశాభేదమును గుర్తించినచో ఈ వివాదమునకు అవకాశము తగ్గును. సంపన్న కుటుంబము ఆస్తి గోలుపోయి, కష్టములపాలై, తుదకు కోలుకొనుట యను రూపరేఖ బీజదశలో వచ్చినది. ధవళేశ్వరపు గృహస్థు, అతని చుట్టు జేరిన ముఖస్తుతిపరులు, బంగారము చేయుదునని నమ్మించిన బైరాగి, కాశీయాత్రా ప్రయత్నము అను నవి గౌతమీతీరపు జీవితమునుండి వచ్చినవి. 1874 నుండి పత్రికను నడుపుచు, దురాచారములతో పోరాడుచుండిన రచయితకు రెండవ దశలో అక్కఱకు వచ్చినది ఆంగ్లగ్రంథము కాదు. తన చుట్టునున్న సంఘమే. కావున ఋణము సత్యమే, కాని దాని ప్రధానస్థానము బీజమునందే. ఋణమున్నదని చెప్పుట పరిశోధనకు ఆరంభము; ఎచ్చట ఆగినదో చెప్పుట దాని ఫలము.

సామగ్రీసేకరణమున చారిత్రకనవల మంచి నిదర్శనము. నోరి నరసింహశాస్త్రిగారి 'నారాయణభట్టు' 1949లో వెలువడినది. దానికి ఆధారమైన వానిలో ముఖ్యము రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనము. నన్నయభట్టు రచించిన ఆ శాసనము నారాయణభట్టు పాండిత్యమును, అతని కొసగిన అగ్రహారమును తెలుపును. ఆ కవుల స్నేహమెట్టిదో, వారేమి మాటలాడుకొనిరో అది తెలుపదు. శాసనము విడిచిన చోటనే నవలాకారుని పని మొదలగును. వారి 'రుద్రమదేవి' 1951 నాటిది. నల్లగొండ ప్రాంతమునందలి చందుపట్ల శాసనము అటుపిమ్మట చరిత్రకారుల పరిశీలనకు వచ్చి, ఆ రాణి 1289 నాటికి శివసాన్నిధ్యము పొందినదని తేల్చినది. అంతకు ముందు ఆమె పాలన 1295 ప్రాంతము వరకు సాగినదని చరిత్రకారులు భావించిరి. నేటి శాసనజ్ఞానముతో నాటి నవలను తప్పుపట్టుట న్యాయము కాదు. రచయితకు ఆనాడు అందుబాటులోనున్న సాధనములెవ్వి యను పట్టికను ముందు సిద్ధపరచి, పిదపనే విమర్శకుడు తీర్పు చెప్పవలయును.

రాజుల కాలనిర్ణయమునకు శాసనములు చాలును. ప్రజల బ్రదుకునకు చాలవు. ఓరుగంటి వీథులు, పూటకూటి యిండ్లు, వినోదములు తెలియవలెనన్న 'క్రీడాభిరామము' చూడవలయును. ఆహారము, వేషము, ఆటపాటలు, నమ్మకములు తెలియవలెనన్న 1949లో వెలువడిన సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చూడవలయును. అయితే సేకరించిన దెల్ల నవలలో నిముడవలెనన్న నియమము లేదు. పాత్రలు తమ సంభాషణములలో తామే తమ బిరుదావళిని, శకసంవత్సరములను అప్పగించు నవలలు మనకు కొఱతగా లేవు. అచ్చట సేకరణము రచనాస్థానమును ఆక్రమించినది.

కథాసంవిధానమునకు మన దేశమున ప్రధానసాధనములు పత్రికయు, పోటీయు. పందొమ్మిదవ శతాబ్ది తుదిదశకమున 'చింతామణి' పత్రిక జరిపిన నవలల పోటీలు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి వంటి రచయితలను ప్రోత్సహించినవి. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చారిత్రకనవలను పోషించినది. పోటీకి గడువుండును; ధారావాహికకు ప్రకరణపరిమితి యుండును. ఈ రెండును కథాగతిని శాసించును. ఒక ప్రకరణము ఉత్కంఠతో ముగియుటకు కళాదృష్టియే కాక పత్రికానియమమును కారణము కావచ్చును. ఈ కారణమును గ్రంథప్రతి చూపదు, పత్రికాప్రతి చూపును.

రచనాదశలో గ్రంథసాధనములు వెనుకకు తగ్గి, స్మృతియు చెవియు ముందునకు వచ్చును. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి'ని కారాగారమున వ్రాసిరి. గ్రంథములు కరవైన చోట పల్లె బ్రదుకును, కూలివారి మాటను, పాటను వారికి అందించినది చిరకాల పరిచయము. విశ్వనాథ సత్యనారాయణగారు 'వేయిపడగలు'ను తాము చెప్పుచుండగా తమ్ముడు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరని ప్రసిద్ధి. ఆ నవల 1934లో అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'తో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్నది. చెప్పి వ్రాయించిన గద్యమునకును, కలము పట్టి వ్రాసిన గద్యమునకును వాక్యనిర్మాణమున భేదముండునా యను ప్రశ్న పరిశోధనకు తగినది. నేటి రచయితకు భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశములు, అందు 1962 నాటి వ్యవసాయ సంపుటమును, 1971 నాటి చేనేత సంపుటమును, మిక్కిలి ఉపకరించును. కాని కోశము విన్న మాటను సరిచూచుకొనుటకే గాని, వినని మాటను పాత్రనోట బెట్టుటకు కాదు. నేతగాని పలుకుబడి మగ్గమువద్ద వినినవానికే లొంగును.

కడపటిది సంస్కరణము. మనకు సాధనములు మిక్కిలి కొఱతపడినది యిచ్చటనే. కవుల తాళపత్రములను వెదకి పాఠభేదములను నిర్ణయించు మనము, నవలాకారుల చిత్తుప్రతులయెడ ఆ శ్రద్ధ వహింపలేదు. అచ్చు ముగియగానే వ్రాతప్రతి చెల్లాచెదరగుట సామాన్యము. ప్రభుత్వ నిషేధమునకు గురియైన 'మాలపల్లి' వంటి నవల విషయమున పాఠచరిత్ర యెంత యావశ్యకమో వేరుగా చెప్పనక్కఱలేదు. పద్యకావ్యమున కక్షరభేదమునకై వాదించు మనము, నవలలో ప్రకరణమే మారినను గమనింపకుండుట న్యాయము కాదు.

కావున నవలపై పరిశోధించు విద్యార్థి మూడు పనులను ముందుగా చేయవలయునని నా యభిప్రాయము. ధారావాహికప్రతిని గ్రంథప్రతితో వాక్యవాక్యము పోల్చుట మొదటిది. రచనాకాలమునాటికి రచయితకు లభ్యమైన సాధనముల పట్టిక గూర్చుట రెండవది. ప్రతి ఋణము నే దశకు జెందినదో నిర్దేశించుట మూడవది. ఈ పనులకు పాతపత్రికలు ఆధారము. పాత కాగితము పొడియగుచున్నది; ఛాయాప్రతులు తీయు సౌకర్యము నేడున్నను, తీయవలసిన సంచికలను గుర్తింపగలవాడు సాహిత్యపరిశోధకుడే. ఆ సంచికలు నశించిన పిమ్మట మన నవలలకు మూలములను గూర్చిన వాదములే మిగులును. అవి యెట్లు నిర్మింపబడినవో చెప్పుట కాధారము మిగులదు.