నిమ్మతొక్కలో నిప్పురవ్వలు

కరెంటు పోయిన రాత్రి ఎవరింట్లోనైనా చేసి చూడొచ్చు. తాజా నిమ్మతొక్క ముక్కను కొవ్వొత్తి పక్కన పట్టుకుని, పైతోలు మంటవైపు ఉండేలా మడిచి గట్టిగా నొక్కండి. చిటచిటమని నిప్పురవ్వలు లేస్తాయి. తోలు మీద సన్నటి చుక్కలు కనిపిస్తాయే, అవన్నీ నూనె తిత్తులు. రసానిది పులుపు, ఆ ఘుమఘుమంతా దాదాపుగా తొక్కదే. పెదవేగి, దెందులూరు వైపు తోటల కాయను ఏలూరు మార్కెట్లో సైజు చూసి, రంగు చూసి, రసం చూసి వేలం పాడుకుంటారు. తిత్తుల్లోని నూనె సంగతి అక్కడ ఎవరికీ పట్టదు. అలాంటి నూనే చిన్న గాజు సీసాలో, డ్రాపర్ మూతతో, అరోమాథెరపీ అన్న పేరు పెట్టుకుని మన ఇళ్లకు వస్తోంది.

మా వీధిలో ఒకమ్మాయి మొన్న అలాంటి సీసా పట్టుకొచ్చింది. నీలగిరి తైలం. "బాబాయిగారూ, పాపకు జలుబు చేసింది. రెండు చుక్కలు ముక్కు దగ్గర రాయనా?" అంది. వద్దమ్మా అన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పడానికే ఈ వారం కాలమ్.

పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్న ఏలూరు జిల్లా మనది. నూనె అనగానే గెలలు గుర్తొస్తాయి. పామాయిల్ చుక్క తెల్లకాగితం మీద వేస్తే మరక పడి ఉండిపోతుంది. నిమ్మగడ్డి నూనె చుక్క వేసి ఫ్యాను కింద పెట్టండి, కాసేపటికి ఎగిరిపోతుంది. జిడ్డు మరక మిగిలిందంటే అందులో ఇంకో నూనె కలిసి ఉంటుందని అనుమానించాలి. (వట్టివేరు, గంధం నూనెలు చిక్కన, వాటికి ఈ పరీక్ష చెల్లదు.) ఆ ఎగిరిపోయే గుణం మీదే ఈ నూనె తయారీ ఆధారపడింది. గడ్డిని డ్రమ్ములో కుక్కి కింద నుంచి ఆవిరి పంపితే, ఆవిరితో పాటు నూనె కూడా పైకి లేస్తుంది. చల్లని గొట్టంలో రెండూ ద్రవమై దిగి, పాత్రలో నూనె పైన తేలుతుంది. వంద కిలోల పచ్చి నిమ్మగడ్డి వేస్తే అరకిలో అటూఇటూగా వస్తుంది. అంటే ఒక్క చుక్కలో ఎంత గడ్డి ఉందో లెక్కేసుకోండి.

మన పెద్దవాళ్లకు ఈ బట్టీ ఉండేది కాదు గానీ, వాసన మొక్కలతో ఏం చేయాలో తెలుసు. కొల్లేరు చుట్టుపక్కల రైతు గట్టు మీద తుంగను చూస్తే తిట్టుకుంటాడు, ఎంత పీకినా మళ్లీ మొలుస్తుంది. దాని కింద నల్లటి చిన్న గడ్డలుంటాయి, తుంగముస్తెలు. ఒకటి కడిగి గోటితో గిల్లి వాసన చూడండి, తడిమట్టీ కర్పూరమూ కలిసినట్టుంటుంది. వాటిని ఎండబెట్టి, కచ్చూరాలు, బావంచాలు, ఎండిన నిమ్మతొక్కలతో పాటు పెసల్లో కలిపి సున్నిపిండి ఆడించేవారు. తలంటుకు నువ్వులనూనె, తల ఆరడానికి సాంబ్రాణి పొగ, ఎండాకాలం కిటికీకి నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడక. వీటన్నిటిలో ఒక పద్ధతి ఉంది. వాసన ఒంటరిగా ఒంటిని తాకదు. పిండిలోనో, నూనెలోనో, పొగలోనో, నీళ్లలోనో పలచబడి వస్తుంది. అందం కోసం చేశారో అనుభవంతో చేశారో గానీ, నా దృష్టిలో అసలు నేర్పు అదే.

తెలుగువాడు ఇదే కిటుకుతో వ్యాపారమూ చేశాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం అచ్చంగా అరోమాథెరపీయే. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం లాంటి ఘాటు సరుకును ముద్దలో కలిపి డబ్బీలో పెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచి అలవాటు చేశారట. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గట్టెఫోసే 'అరోమాథెరపీ' పేరుతో పుస్తకం వేసింది 1937లో. పంతులుగారి డబ్బీ దానికి నలభై నాలుగేళ్లు పెద్దది.

ఇక పాప సంగతి. నీలగిరి తైలం, కర్పూరం మోతాదు మించితే పసిపిల్లలకు మూర్ఛ రావచ్చు. పసివాళ్లకు ముక్కు దగ్గర రాస్తే ఊపిరి పట్టేసే ప్రమాదమూ ఉంది. పెద్దవాళ్లలోనూ ఈ నూనెలకూ మూర్ఛకూ ఉన్న లంకెను బెంగళూరు నరాల వైద్యులు వైద్య పత్రికల్లో రాశారు. తొక్క పిండి తీసిన నిమ్మనూనె చర్మానికి రాసుకుని మన ఎండలోకి వెళితే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి. ఆవిరి పట్టి తీసిన నిమ్మనూనెతో ఆ బెడద లేదు. సీసా మీద ఏ పద్ధతిలో తీశారో రాయకపోతే మనకెలా తెలుస్తుంది?

ఇవన్నీ విని ఆ అమ్మాయి, "అయితే పారేయమంటారా?" అంది. పారేయడం దేనికి! గదిలో ఒక మూల గిన్నెడు వేడినీళ్లలో ఒక చుక్క వేసి పెద్దవాళ్లు వాసన చూడొచ్చు. మనసు తేలికపడుతుంది, ముక్కు తెరుచుకున్నట్టుంటుంది. రోగం నయమవుతుందని మాత్రం నేను చెప్పను. పాపను డాక్టరుకు చూపించమన్నాను.

కొనేవాళ్లకు ఒక్క మాట. కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. అదే అంగట్లో గులాబీ సీసా, నిమ్మగడ్డి సీసా ఒకే ధరకు అమ్ముతున్నారంటే, ఆ గులాబీ సీసాలో అచ్చమైన గులాబీ నూనె ఉండే వీలు లేదు.