ఆ పది మిల్లీలీటర్లు ఎందుకు?

పోయిన వారం మా వీధి చివరింటి అమ్మాయి రికార్డు పుస్తకం పట్టుకుని వచ్చింది. బీఎస్సీ రెండో సంవత్సరం. డైక్రోమేట్‌తో ఇనుము ఎంతుందో కొలిచే ప్రయోగం రాసుకొస్తోంది. చక్కటి దస్తూరి, ఎర్ర సిరాతో శీర్షికలు, స్కేలుతో గీసిన పట్టిక.

"తాతగారూ, ఇందులో పది మిల్లీలీటర్లు ఆసిడ్ మిక్స్చర్ పోయాలని ఉందండీ. సల్ఫ్యూరిక్ సరే, ఫాస్ఫారిక్ ఎందుకండీ?"

"మీ మేడమ్‌ని అడిగావా?"

"అడిగానండీ. ఎండ్ పాయింట్ షార్ప్‌గా రావడానికి అన్నారు."

ఆ జవాబులో తప్పేమీ లేదు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళపాటు నేనూ అదే చెప్పాను. నన్ను బాధపెట్టింది ఆ తర్వాతి మాట. ప్రయోగం నువ్వే చేశావా అంటే, "బ్యాచ్‌కి ఒకటే బ్యూరెట్టండీ. ఇంకో అమ్మాయి చేసింది, నేను రీడింగులు రాసుకున్నాను" అంది.

శనివారం మధ్యాహ్నం ఆ పిల్లను వెంటబెట్టుకుని, నా దగ్గర చదివి ఇప్పుడు పాఠం చెబుతున్న ఒకాయన ల్యాబ్‌కి వెళ్ళాను. ఆయన తాళం తీసి, మాకో బల్ల ఇచ్చి, తన పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాడు.

టైట్రేషన్ నేర్పడమంటే ముందు కడగడం నేర్పడం. బ్యూరెట్‌ని నీళ్ళతో కడిగాక అందులో పోయబోయే ద్రావణంతోనే తొలవాలి. పిపెట్‌నీ అంతే. కోనికల్ ఫ్లాస్క్‌ని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి. దాన్ని ఇనుప ద్రావణంతో తొలిస్తే అంటుకున్న కొసరు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఈ తేడా పరీక్షలో రాసేవాళ్ళు చాలామంది ఉంటారు, చేతికి వచ్చినవాళ్ళు తక్కువ. ద్రావణం నింపాక గరాటు తీసెయ్యాలి, లేకపోతే మధ్యలో ఓ చుక్క జారిపడి కొలత పాడవుతుంది. మూతి దగ్గర గాలి బుడగ ఉందేమో చూడాలి. పిపెట్ చివర నిలిచిన బొట్టును ఊదకూడదు, ఫ్లాస్క్ గోడకు తాకించి వదిలెయ్యాలి. ఎడమచేయి స్టాప్‌కాక్ మీద, కుడిచేయి ఫ్లాస్క్ మెడ మీద. కుడిచెయ్యి తిరుగుతూనే ఉండాలి, కళ్ళు రంగు మీదే ఉండాలి. చివర్లో చుక్క కూడా ఎక్కువే. సగం చుక్కను మూతి దగ్గర వేలాడదీసి, ఫ్లాస్క్ గోడకు అద్ది, వాష్ బాటిల్‌తో కిందికి దింపాలి.

ఆ సగం చుక్క పట్టుకోవడానికి ఆ అమ్మాయికి గంట పట్టింది. మొదటిసారి రంగు దాటేసింది. రెండోసారీ దాటేసింది. మూడోసారి ఆకుపచ్చ ద్రావణం నీలి ఊదాలోకి తిరిగే క్షణాన చెయ్యి ఆపగలిగింది. 19.8. మళ్ళీ చేస్తే మళ్ళీ 19.8. తన చేత్తో తెచ్చిన అంకె అది. ఆ మొహంలో వెలుగు చూడటానికే నేను ఈ వృత్తిలోకి వచ్చానని ఇప్పటికీ నమ్ముతాను.

అప్పుడన్నాను, "ఇప్పుడు ఫాస్ఫారిక్ పొయ్యకుండా చెయ్యమ్మా."

ద్రావణం పసుపు తిరుగుతూ వచ్చింది. 19 దాటకముందే ఊదా జాడ మొదలై, మసకమసకగా ముదురుతూ పోయింది. ఎక్కడ ఆపాలో తెలియక ఆ పిల్ల చెయ్యి తచ్చాడింది. ఇనుము ఇంకా మిగిలి ఉండగానే ఇండికేటర్ తొందరపడిందన్నమాట. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటే ఏం చేస్తుంది? ఫెర్రస్ ఇనుము ఒక ఎలక్ట్రాన్ వదిలి ఫెర్రిక్‌గా మారగానే దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అందుకే పసుపు రంగూ పోతుంది. పుట్టిన ఫెర్రిక్ పుట్టినట్టే కట్టుబడిపోతుంటే, మిగిలిన ఫెర్రస్ తన ఎలక్ట్రాన్ ఇచ్చెయ్యడానికి మరింత సిద్ధపడుతుంది. దాని వంతు పూర్తయ్యాకే ఇండికేటర్ వంతు వస్తుంది.

ఆ అమ్మాయి కాసేపు ఫ్లాస్క్ వంకే చూసి అడిగింది. "మరి ఇంకా ఎక్కువ పోస్తేనండీ? బాగా ఎక్కువ?"

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆ ప్రశ్నకు జవాబు వాల్తేరులో ఉంది.

1926లో బెజవాడలో మొదలై, కొన్నేళ్ళకు వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్స్ కాలేజీకి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు పెట్టారు. మొదటి తరంలోనే భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి అక్కడ పాఠాలు చెప్పారు. పత్తి పువ్వుల్లోని పసుపు పదార్థాల నిర్మాణాన్ని శేషాద్రి, ఆయన విద్యార్థులు అక్కడే విప్పారు. పత్తి మన చేలల్లోదే, పువ్వులు పోగెయ్యడానికి విదేశాల నుంచి ఏదీ రానక్కర్లేదు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయమే కొన్నాళ్ళు గుంటూరుకు తరలింది. పాఠమూ పరిశోధనా తర్వాత మళ్ళీ వాల్తేరు చేరాయి.

నేను ఎమ్మెస్సీకి వెళ్ళేనాటికి అక్కడ అందరి నోటా వినిపించే పేరు జి. గోపాలరావుగారిది. ఆయన పని అంతా కొలవడం చుట్టూనే తిరిగింది. సోడియం వెనడేట్‌ని టైట్రేషన్లకు పనికొచ్చే కారకంగా నిలబెట్టారు. ఆ తర్వాత పట్టుకున్నది, ఈ అమ్మాయి అడిగిన ప్రశ్నే. ఫాస్ఫారిక్ ఆమ్లం ఆ పది మిల్లీలీటర్లలో ఓ భాగంగా కాకుండా, ద్రావణమంతా దాదాపు అదే అయితే?

మామూలుగా ఫెర్రిక్, ఫెర్రస్ జంట పొటెన్షియల్ 0.77 వోల్టులు. చిక్కటి ఫాస్ఫారిక్ ఆమ్లంలో అది బాగా కిందికి దిగిపోతుంది. ఎప్పుడూ కొలవబడే పదార్థంగా బల్ల మీద కూర్చునే ఫెర్రస్ ఇనుము, అక్కడ ఇతరులను కొలిచే కారకమవుతుంది. మామూలు ద్రావణంలో అది ముట్టుకోలేని యురేనియంను కూడా ఆరో స్థితి నుంచి నాలుగో స్థితికి దింపగలదు. దిగివచ్చిన యురేనియంను ఫాస్ఫేట్ పట్టుకోవడం కూడా కలిసొస్తుంది. గోపాలరావు, ఎస్.ఆర్. సాగి 1962లో టలాంటా పత్రికలో ఈ పద్ధతిని ప్రచురించారు. రెండేళ్ళకు అదే పత్రికలో డేవీస్, గ్రే అనే ఇద్దరు, ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఫెర్రస్ ఇనుముతోనే యురేనియంను దింపి, చివరికి డైక్రోమేట్‌తో టైట్రేషన్ చేసే పద్ధతి రాశారు. ఎక్కడ ఎంత యురేనియం ఉందో లెక్క చూసే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రయోగశాలల్లో ఆ పద్ధతి వాడుకలోకి వెళ్ళింది.

"అంటే మా రికార్డులో ఉన్న సీసాలేనా అండీ?" అంది ఆ అమ్మాయి.

అవే. ఫెర్రస్ ఉప్పు, ఫాస్ఫారిక్ ఆమ్లం, డైక్రోమేట్, బ్యూరెట్. వీటికి తోడు మరికొన్ని కారకాలు, అంతే. పాఠం వేరు, పరిశోధన వేరు అని ఇప్పుడు అనుకుంటున్నాం. ఒకదానికి సిలబస్, రెండోదానికి ప్రాజెక్టు నిధులు. నేను చూసిన వాల్తేరులో పొద్దున ఎమ్మెస్సీ పిల్లలు వాడిన బల్ల మీదే సాయంత్రం రీసెర్చ్ స్కాలర్లు పనిచేసేవారు. మా రీడింగులు కుదరకపోతే వాళ్ళే వచ్చి చెయ్యి చూసేవారు. మొదటి ఏడాది నాకు మోహర్ సాల్ట్ ద్రావణం ఎప్పుడూ గోధుమరంగు తిరిగేది. నీళ్ళకన్నా ముందు సజల సల్ఫ్యూరిక్ పొయ్యాలని నాకు చూపించింది మాస్టారు కాదు, థీసిస్ రాసుకుంటున్న ఒక సీనియర్.

అందుకే ప్రాక్టికల్స్ గంటలు కోసేస్తున్నారంటే, ముప్పైమందికి నాలుగు బ్యూరెట్లని తెలిస్తే నాకు కోపం వస్తుంది. ఒక కాలేజీలో పరీక్ష రోజున, రావలసిన విలువ పిల్లలకు ముందే అందడం కళ్ళారా చూశాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళిన నేను ఆ రోజు మార్కులు వేసి వచ్చేశాను. వెయ్యకుండా ఉండాల్సింది. తప్పు రీడింగ్ తెచ్చిన పిల్లవాడికి తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కునే హక్కు ఉంటుంది. అంకె చేతికిచ్చి ఆ హక్కును లాక్కున్నాం.

చీకటి పడుతోంది. పేపర్లు దిద్దుతున్నాయన లేచి లైటు వేశాడు. ఆ అమ్మాయి రికార్డులో ఇంకో అమ్మాయి రీడింగులున్న పట్టికను కొట్టేసి, కింద కొత్త పట్టిక గీసింది. దాటేసిన రెండు విలువలూ ముందు రాసింది. తర్వాత రెండు 19.8లు. ఫాస్ఫారిక్ లేని వరస దగ్గర ఆగి, "ఇది రాయొచ్చా అండీ? మాన్యువల్‌లో లేదు కదా" అని ఆయన్ని అడిగింది.

"నువ్వు చేశావు కదమ్మా, రాసెయ్" అన్నాడాయన, సంతకం పెట్టడానికి పెన్ను తీస్తూ.