పేరుపాలెం గుల్ల

పెదపాడులో అరుగు మీద కూర్చుని అరచేతిలో ఒక గుల్లను తిప్పి తిప్పి చూస్తున్నాను. పేరుపాలెం ఒడ్డున, అల వెనక్కి లాగిన ఇసుకలో దొరికింది. బొటనవేలంత ఉంటుంది. పేరు బాబిలోనియా స్పైరాటా. 1758లో లినేయస్ లెక్కకెక్కించిన శంఖు జాతి ఇది.

తెల్లటి ఒంటి మీద కాచు రంగు మచ్చలు. కానీ నన్ను కట్టిపడేసింది రంగు కాదు, గాడి. చుట్టుకూ చుట్టుకూ మధ్య బోదె తవ్వినట్టు లోతైన గాడి. చాలా గుల్లల్లో ఒక చుట్టు మరొకదానికి ఒదిగిపోతుంది. ఇక్కడ ప్రతి చుట్టూ భుజం ఎత్తి నిలబడుతుంది. ఆ గాడిలో గోరు పెట్టి లాగితే మెలికలు తిరుగుతూ కొసదాకా పోతుంది. కొసన చిన్న బొడిపె, ఆవగింజంత. అదే దాని పసితనం! ఈ ప్రాణి పెరిగేకొద్దీ నోటి అంచునే కొత్త సున్నం చేర్చుకుంటూ పోతుంది, పాత గదిని పడగొట్టదు. శిల్పి తన ఉలి తొలి దెబ్బలను చెరిపేస్తాడు. ఇది ఒక్కటీ చెరపలేదు. పుట్టిననాటి ఇంటిని నెత్తిన పెట్టుకునే బతికింది.

బతికున్నప్పుడు ఇసుకలో పూడుకుని, గొట్టం లాంటి ముక్కు పైకెత్తి, చచ్చిన చేప వాసన పట్టి కదులుతుంది. అలాంటి బతుకులోంచి ఇంత నునుపు!

కొల్లేటి నత్తలోనూ అందం ఉంది. అది గుండ్రంగా, బురద రంగులో, నిండుకుండలా ఉంటుంది. ఈ ఠీవి మాత్రం దానికి లేదు. అయితే కొల్లేరు కూడా ఒకప్పుడు ఉప్పునీటి కయ్యేనని భూశాస్త్రవేత్తలు చెబుతారు.

బాబిలోనియా పూర్వీకులు జావాలో, జపాన్‌లో శిలాజాలుగా దొరికాయి. మన దుద్దుకూరు సున్నపురాతిలో కనిపించే టరిటెల్లా అనే శిలాజ గుల్లలది వేరే వంశం. అవి దక్కన్ లావా కింద, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి సముద్రపు అడుగులో చిక్కుకున్నాయి. మరమేకుల్లా సన్నగా ఉంటాయి. రాయిగా మారినా మెలిక చెడలేదు, చుట్లు ఇంకా లెక్కపెట్టుకోవచ్చు.

పేరుపాలెం వెళ్తే ఇసుకలో వెతకండి. గుల్ల నోటికి గోధుమరంగు మూత బిగిసి ఉంటే లోపల ప్రాణం ఉన్నట్టే. దాన్ని మళ్లీ నీళ్లలో వదిలేయండి.